పాత జిప్సీకి కొత్త ఇంజిన్: ముందు ట్యాంకు దించండి

అందరికీ నమస్కారం.

బండ్లంటే ప్రాణం పెట్టేవాళ్లు ఇంతమంది ఒకచోట చేరడం సంతోషంగా ఉంది. నాకిచ్చిన అంశం ఇంజిన్ మార్పిడి. అయితే నేను ఇంజిన్ గురించి తక్కువ, దానికి పెట్రోల్ అందించే ఏర్పాటు గురించి ఎక్కువ మాట్లాడతాను. ఇంజిన్ మార్చేటప్పుడు డబ్బూ శ్రద్ధా అంతా ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ పోతాయి. పెట్రోల్ పైపుల దాకా వచ్చేసరికి జేబు ఖాళీ అవుతుంది, ఓపిక అయిపోతుంది. షెడ్డులో ఏ ముక్క దొరికితే అది తగిలించేస్తారు. బండి స్టార్టవుతుంది. అసలు సంగతి మే నెల ఎండలోనో, ఏ గుట్ట మధ్యలోనో బయటపడుతుంది.

మన దగ్గర ఎక్కువగా జరిగే మార్పునే తీసుకుందాం. మారుతి జిప్సీ 1985లో 970 సీసీ కార్బొరేటర్ ఇంజిన్‌తో వచ్చింది. కార్బొరేటర్ అంటే పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే పరికరం. 1996లో వచ్చిన జిప్సీ కింగ్‌ది 1.3 లీటర్ల ఇంజిన్, అదీ కార్బొరేటరే. 2000లో పదహారు వాల్వుల ఎంపీఎఫ్ఐ వచ్చింది, అంటే ప్రతి సిలిండర్‌కీ విడిగా పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ ఇంజిన్, సుమారు 80 హార్స్‌పవర్. పాత కార్బొరేటర్ బండిలో ఈ ఎంపీఎఫ్ఐ ఇంజిన్ పెట్టాలని చాలామంది ఆశ. బాడీ ఒకటే కాబట్టి ఇట్టే కూర్చుంటుంది అనుకుంటారు.

ఇంజిన్ కూర్చుంటుంది. పెట్రోల్ లైనే కుదరదు. కార్బొరేటర్‌కి పెట్రోల్ అందించేది ఇంజిన్ పక్కన ఉండే చిన్న మెకానికల్ పంపు. ప్రెషర్‌ని బార్‌లలో కొలుస్తారు; దానిది ఒక బార్‌లో పావు వంతు, మహా అయితే మూడో వంతు. ఇంజెక్షన్‌కి కావలసింది రెండున్నర నుంచి మూడు బార్. అంటే దాదాపు పదింతలు. పావు బార్ కోసం వేసిన రబ్బరు, క్లిప్పులు, జాయింట్లు మూడు బార్‌కి ఎలా నిలుస్తాయి? అందుకే పాత లైనుకి మధ్యలో ఒక ఎలక్ట్రిక్ పంపు తగిలించి పని అయిందనుకోవద్దు. ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా మొత్తం కొత్తగా ఆలోచించాలి.

రిటర్న్ పైపు విషయం చాలామందికి అంతుపట్టదు. 80 హార్స్‌పవర్ ఇంజిన్ పూర్తి శక్తితో లాగినప్పుడు కూడా గంటకి పాతిక లీటర్ల దాకానే తాగుతుంది. ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరుగుతుంటే, లీటరు, అటూఇటూగా. పంపు మాత్రం ఎప్పుడూ ఒకే తీరున, గంటకి ఎనభై, వంద లీటర్లు తోస్తూనే ఉంటుంది. మిగిలిందంతా, ప్రెషర్‌ని ఒకే తీరున ఉంచే రెగ్యులేటర్ దాటి రిటర్న్ పైపులోంచి ట్యాంకులోకి తిరిగి రావాలి. ఆ పైపు సన్నదైనా, ఎక్కడైనా నొక్కుకుపోయినా రెగ్యులేటర్ ప్రెషర్‌ని అదుపు చేయలేకపోతుంది. బండి నల్లగా పొగ కొడుతుంది, ప్లగ్గులు మసిబారతాయి, మనం సెన్సర్లు మార్చుకుంటూ కూర్చుంటాం. ఇంకో సంగతి కూడా ఉంది. తిరిగొచ్చే పెట్రోల్ ఇంజిన్ వేడిని వెంట తెస్తుంది. ట్యాంకులో కాస్తే ఉంటే అది తొందరగా వేడెక్కి పంపు గీపెడుతుంది. ఎండాకాలం పావు ట్యాంకు కిందికి పోనివ్వకండి.

ఇప్పుడు ట్యాంకు. నా మాటల్లో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. కార్బొరేటర్ గిన్నెలో ఎప్పుడూ కొంత పెట్రోల్ నిలవ ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ట్యాంకులోని పైపు కాసేపు గాలి పీల్చినా ఆ గిన్నె బండిని నడిపిస్తుంది. ఇంజెక్షన్‌కి గిన్నె లేదు. గ్లాసు అడుగున మిగిలిన మజ్జిగ వంచితే ఓ పక్కకి చేరినట్టు, నిటారు ఎక్కుడులో పెట్రోల్ అంతా ట్యాంకులో ఒక మూలకి పోతుంది. పంపుకి గాలి అందిందా, ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే గొట్టంలో, అంటే రైలులో, ప్రెషర్ ఆ క్షణమే పడిపోతుంది. ఇంజిన్ ఎత్తు మధ్యలో ఆగిపోతుంది. ఇంజిన్ ఆగితే, బ్రేకు తొక్కడం తేలిక చేసే బూస్టర్‌కి వాక్యూమ్ రాదు. ఉన్న వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది. ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది, కొండ మీద బండి వెనక్కి జారుతుంటుంది. పంపుకి గాలి అందకుండా చూసుకోవడం మామూలు రోడ్డు బండికి అంతగా అవసరం లేదు, గుట్టలెక్కే మన బండికి మాత్రం ప్రాణావసరం.

దీనికి రెండు దారులు. ఎంపీఎఫ్ఐ జిప్సీ ట్యాంకునే, లోపలి పంపుతో సహా తెచ్చి పెట్టడం మొదటిది. దొరికితే ఇదే మేలని నా అభిప్రాయం. దొరక్కపోతే సర్జ్ ట్యాంకు. లీటరు, రెండు లీటర్లు పట్టే చిన్న ట్యాంకు ఒకటి. పెద్ద ట్యాంకు నుంచి తక్కువ ప్రెషర్ పంపు దాన్ని ఎప్పుడూ నిండుగా ఉంచుతుంది. ఎక్కువ ప్రెషర్ పంపు దాని అడుగు నుంచి తీసుకుంటుంది. రిటర్న్ కూడా అందులోకే వస్తుంది, పొంగింది పెద్ద ట్యాంకులోకి పోతుంది. ఈ చిన్న ట్యాంకుని మాత్రం క్యాబిన్‌లో పెట్టకండి, ఎంత సులువుగా అనిపించినా సరే.

పాత ట్యాంకు తుప్పు పట్టి ఉంటే శుభ్రం చేయండి, కానీ వెల్డింగ్ పెట్టొద్దు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. లోపల ఉండే ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

హోస్‌ల దగ్గర బేరాలాడకండి. ఇంజెక్షన్ హోస్ అనే అడిగి తీసుకోండి, దాని మీద అచ్చువేసిన గుర్తు చదవండి. జే30 ఆర్9 అన్నది బయట వాడే హోస్. దాని లోపలి పొర పెట్రోల్‌ని తట్టుకుంటుంది, పైపొర మాత్రం పెట్రోల్‌లో నానడానికి చేసింది కాదు. దాన్నే ట్యాంకులో పంపుకి తగిలిస్తే కొన్నాళ్లకి మెత్తబడి చీలుతుంది. బయటికి చుక్క కారదు, లోపలే కారుతుంది, బండి మాత్రం లాగదు. ట్యాంకులో మునిగి ఉండే ముక్కకి ఆర్10 వాడాలి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ కాబట్టి ఇరవై ఏళ్ల నాటి రబ్బరుని అసలే నమ్మకండి. గాట్లున్న పాత క్లిప్పులు రబ్బరుని కోసేస్తాయి, లోపలి వైపు నున్నగా ఉండే క్లిప్పులే వేయండి. లైను ఎగ్జాస్టుకి దూరంగా, ఛాసిస్ లోపలి వైపు నుంచి పోవాలి. కింద రాళ్లు తగిలే చోట వద్దు.

వైరింగ్‌లో ఒక్క మాట గట్టిగా చెప్తాను. పంపుని నేరుగా తాళానికి కలపొద్దు. ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) నడిపే రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, ద్వారానే కలపండి. తాళం తిప్పగానే పంపు రెండు మూడు సెకన్లు తిరిగి ఆగుతుంది, ఇంజిన్ తిరుగుతుంటేనే మళ్లీ నడుస్తుంది. బండి పల్టీ కొట్టి పైపు తెగితే, నేరుగా కలిపిన పంపు వేడి ఎగ్జాస్టు మీద పెట్రోల్ చిమ్ముతూనే ఉంటుంది. లోపల మనవాళ్లు బెల్టులకి వేలాడుతుంటారు. గుద్దితే కరెంటు ఆపేసే ఇనర్షియా స్విచ్ ఒకటి, ట్యాంకు గాలి పైపుకి, బండి తిరగబడితే మూసుకునే రోలోవర్ వాల్వు ఒకటి తప్పకుండా పెట్టించండి.

అంతా బిగించాక రైలుకి ప్రెషర్ గేజ్ తగిలించి చూడండి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా రెగ్యులేటర్ మీది సన్న వాక్యూమ్ పైపు పీకితే ముల్లు సుమారు అర బార్ పైకి లేవాలి. ఆ సన్న పైపులో పెట్రోల్ తడి కనిపిస్తే రెగ్యులేటర్ లోపలి పల్చని పొర, డయాఫ్రమ్, చిరిగినట్టే. ఇంజిన్ ఆపాక ముల్లు వెంటనే సున్నాకి పడితే ఎక్కడో ప్రెషర్ జారిపోతోంది. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా పంపు కనెక్టర్ దగ్గరే వోల్టేజీ కొలవండి. బ్యాటరీ దగ్గర పద్నాలుగు ఉండి ఇక్కడ పదకొండు కనిపిస్తే పంపుని తిట్టకండి, వైరో ఎర్తో చూడండి. లైను విప్పే ముందు పంపు రిలే పీకి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడపండి. లేకపోతే పెట్రోల్ ముఖం మీదికి చిమ్ముతుంది.

కాగితాల సంగతి. ఇంజిన్ మార్పు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది. పని మొదలుపెట్టే ముందే ఆర్టీవో అనుమతి తీసుకోండి, ఆర్‌సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కించుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లకి తెలియజేయండి.

ట్యాంకు, సర్జ్ ట్యాంకు, రెండు రకాల హోస్ ముక్కలు ఈ బల్ల మీద పెట్టాను. ముందుకొచ్చి చేత్తో పట్టుకుని చూడండి. మీ బండ్లలో ఇంజిన్ ఎక్కడ ఆగుతోందో, ఎంత పెట్రోల్ ఉన్నప్పుడు ఆగుతోందో చెప్పండి, ఒక్కొక్కటీ చూద్దాం.