యుద్ధం అప్పు, విస్కీ పన్ను, లూసియానా బాండ్లు: అమెరికా తొలి ముగ్గురు అధ్యక్షుల కాలం

(తెర మీద: 1790 నాటి అమెరికా మ్యాప్, తూర్పు తీరం వెంట 13 రాష్ట్రాలు)

1790 జనవరి. జార్జ్ వాషింగ్టన్ అధ్యక్షుడై ఇంకా ఏడాది నిండలేదు. ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్ ముందు స్వాతంత్ర్య యుద్ధం అప్పుల లెక్క పెట్టారు. కేంద్రం బాకీ సుమారు 5.4 కోట్ల డాలర్లు. రాష్ట్రాల బాకీ, ఆయన అంచనా ప్రకారం, ఇంకో 2.5 కోట్లు. ఆ తర్వాతి పన్నెండు పదమూడేళ్ల గొడవల్లో చాలావాటి వేరు ఈ లెక్కలోనే ఉంది. అందుకే ముందు దీన్ని విప్పి చూద్దాం.

(తెర మీద: యుద్ధకాలపు జీతం పత్రం)

యుద్ధంలో సైనికులకు జీతం బదులు ప్రభుత్వం పత్రాలు ఇచ్చింది. డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు, ఇల్లు గడవాలి. చాలామంది డాలరు పత్రాన్ని 15, 20 సెంట్లకే అమ్ముకున్నారు. కొన్నది నగరాల్లోని డబ్బున్నవాళ్లు. పత్రం ఇప్పుడు ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే పూర్తి విలువ ఇవ్వాలన్నారు హామిల్టన్. మొదట తీసుకున్న సైనికుడికీ వాటా ఉండాలన్నారు వర్జీనియా సభ్యుడు జేమ్స్ మాడిసన్. సభలో 36–13తో మాడిసన్ ప్రతిపాదన వీగిపోయింది. మనసు సైనికుడి వైపే లాగుతుంది, లాగాలి కూడా. కానీ అమ్మేసిన పత్రం మీద పాత యజమానికి హక్కు ఉందంటే, రేపు ఆ ప్రభుత్వ బాండును మంచి ధరకు కొనేదెవరు? హామిల్టన్ పట్టుబట్టింది ఆ నమ్మకం కోసమే.

అప్పు మొత్తం ఒకేసారి తీర్చాలని ఆయన అనుకోలేదు. పాత పత్రాలు వెనక్కి తీసుకుని కొత్త బాండ్లు ఇచ్చారు. దేశంలోపలి అప్పు అసలులో మూడింట రెండొంతులకు 6 శాతం వడ్డీ వెంటనే మొదలు. మిగిలిన వంతుకు అదే వడ్డీ 1801 నుంచి. పేరుకుపోయిన పాత వడ్డీకి 3 శాతం బాండ్లు. ఆ వడ్డీ కట్టడానికి దిగుమతి సుంకాలు ఆధారం.

రాష్ట్రాల అప్పూ కేంద్రమే నెత్తిన వేసుకోవాలనేసరికి దక్షిణాది తిరగబడింది. వర్జీనియా తన బాకీ చాలావరకు తీర్చేసుకుంది, మసాచుసెట్స్ తీర్చలేదు. "మేం కట్టుకున్నాక వాళ్లదీ మేమే కట్టాలా?" అన్నది వాళ్ల ప్రశ్న. ఏప్రిల్‌లో బిల్లు 31–29తో ఓడింది. జూన్‌లో విదేశాంగ మంత్రి థామస్ జెఫర్సన్ ఇంట్లో భోజనం దగ్గర బేరం కుదిరింది: రాజధాని దక్షిణాది వైపు, పొటోమాక్ నది ఒడ్డుకు వస్తుంది, బదులుగా దక్షిణాది కొన్ని ఓట్లు మార్చుతుంది.

1791లో కోటి డాలర్ల మూలధనంతో, అందులో ఐదో వంతు ప్రభుత్వానిదిగా, జాతీయ బ్యాంకు వచ్చింది. రాజ్యాంగంలో బ్యాంకు మాటే లేదు కదా అన్నారు జెఫర్సన్. ఉన్న అధికారాలు నడవడానికి అవసరమైన పని చేయొచ్చని అదే రాజ్యాంగం చెబుతోందన్నారు హామిల్టన్. వాషింగ్టన్ సంతకం పెట్టారు. ఈ వాదన గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

(తెర మీద: పెన్సిల్వేనియా పడమటి కొండలు, రాగి బట్టీ, పీపాలు మోసే గుర్రం)

రాష్ట్రాల అప్పు కూడా తలకెత్తుకున్నాక సుంకాలు చాలలేదు. అదే 1791లో విస్కీ మీద పన్ను వేశారు. ఊళ్లలో బట్టీ పెట్టినవాళ్లకు రెండు దారులు: బట్టీ పట్టే ప్రతి గ్యాలన్‌కు ఏడాదికి 60 సెంట్లు, లేదా కాచిన ప్రతి గ్యాలన్‌కు 9 సెంట్లు. చిక్కు ఇక్కడే వచ్చింది. ఏడాది పొడవునా కాచే పెద్ద వ్యాపారికి మొదటి దారిలో గ్యాలన్‌కు పడేది చాలా తక్కువ. కోతల తర్వాత కొన్ని వారాలే కాచే రైతుకు అదే పన్ను భారం. పైగా కొండలు దాటించి ధాన్యం అమ్మితే కిరాయి కూడా రాదు. విస్కీగా మారిస్తేనే గుర్రం మీద గిట్టుబాటు. ఆ ప్రాంతంలో నాణేలు తక్కువ, విస్కీయే డబ్బులా చెల్లేది. పన్ను మాత్రం నగదుగా కట్టమన్నారు.

 

1794 జూలైలో, దాదాపు 300 మైళ్ల దూరాన ఉన్న ఫిలడెల్ఫియా కోర్టుకు రమ్మని ఆ ప్రాంతపు బట్టీదారులకు సమన్లు వచ్చాయి. రైతుకు ఆ ప్రయాణం అంటే సీజన్ పోయినట్టే. జనం పన్ను ఇన్‌స్పెక్టర్ జాన్ నెవిల్ ఇంటిని తగలబెట్టారు. చట్టం ప్రకారం వాషింగ్టన్ ముందు సుప్రీంకోర్టు న్యాయమూర్తి జేమ్స్ విల్సన్ నుంచి ధ్రువపత్రం తీసుకుని, నాలుగు రాష్ట్రాల నుంచి దాదాపు 13,000 మంది మిలీషియాను, అంటే రాష్ట్రాల పౌర సేనను, పిలిపించారు. కొంత దూరం తానే నడిపించారు. సేన వచ్చేసరికి ఎదురు నిలిచినవాళ్లు లేరు. దేశద్రోహం రుజువైన ఇద్దరికీ క్షమాభిక్ష పెట్టారు. అదే ఆయన చేసిన మంచి పని అని నా అభిప్రాయం.

(తెర మీద: 1798, జాన్ ఆడమ్స్)

రెండో అధ్యక్షుడు ఆడమ్స్ కాలానికి గొడవ విదేశాలకు పాకింది. మాట్లాడటానికే ఫ్రెంచివాళ్లు లంచం అడిగారని తెలిసి దేశం భగ్గుమంది, సముద్రం మీద ప్రకటించని యుద్ధం నడిచింది. ఆ వేడిలో 1798 రాజద్రోహ చట్టం వచ్చింది: ప్రభుత్వం మీద దురుద్దేశంతో తప్పుడు రాతలు రాస్తే 2,000 డాలర్ల వరకు జరిమానా, 2 ఏళ్ల వరకు జైలు. అధ్యక్షుణ్ణి, కాంగ్రెస్‌ను తిడితే నేరం. ఉపాధ్యక్షుణ్ణి తిడితే కాదు, ఎందుకంటే ఆ పదవిలో ఉన్నది ప్రతిపక్ష నాయకుడు జెఫర్సన్! వెర్మాంట్ రాష్ట్రపు కాంగ్రెస్ సభ్యుడు మాథ్యూ లయన్‌కు 4 నెలల జైలు పడింది. జైల్లో ఉండగానే ఓటర్లు ఆయన్ను మళ్లీ గెలిపించారు.

(తెర మీద: 1803, లూసియానా మ్యాప్)

జెఫర్సన్ అధ్యక్షుడయ్యాక 1802లో విస్కీ పన్ను ఎత్తేశారు. మరుసటి ఏడాది ఫ్రాన్స్ పాలకుడు నెపోలియన్ లూసియానా మొత్తాన్నీ, అంటే మిసిసిపీ నదికి పడమట ఉన్న విశాల ప్రాంతాన్ని, 1.5 కోట్ల డాలర్లకు ఇస్తానన్నాడు. బ్యాంకు నాటి చిక్కే మళ్లీ వచ్చింది: భూమి కొనే అధికారం రాజ్యాంగంలో ఎక్కడా రాయలేదు. జెఫర్సన్ సవరణ ముసాయిదా కూడా రాసుకున్నారు. కానీ నెపోలియన్ మనసు మారుతుందేమోనన్న భయంతో పక్కనపెట్టి, ఒప్పందాన్ని కాంగ్రెస్ పైసభ సెనేట్‌కు పంపారు. 24–7తో నెగ్గింది.

మరి డబ్బు? 1.125 కోట్లకు ప్రభుత్వం 6 శాతం బాండ్లు ఇచ్చింది. మిగతాది ఫ్రాన్స్ తమకు బాకీ ఉందన్న అమెరికన్లకు చెల్లించింది. ఆ బాండ్లను యూరప్ బ్యాంకర్లు బేరింగ్, హోప్ ఫ్రాన్స్ దగ్గర కొన్నారు. 100 డాలర్ల బాండుకు వాళ్లు ఇచ్చిన ధర 87.50. హామిల్టన్ లెక్కలకు ముందు అదే ప్రభుత్వం కాగితం డాలరుకు 15, 20 సెంట్లు పలికింది.