లక్షన్నర కాంతి సంవత్సరాల అవతలి డిస్క్ అంచుని కిలోమీటర్లలో కొలవడం ఎలా?

[తెర మీద: దక్షిణాకాశం. పెద్ద మెగల్లానిక్ మేఘం (మన గెలాక్సీ పక్కనున్న చిన్న గెలాక్సీ). అందులో ఒక చుక్క మీదికి జూమ్]

ఈ చుక్క పేరు ఎల్‌ఎంసీ ఎక్స్-3. సూర్యుడికి 7 రెట్లు బరువున్న బ్లాక్‌హోల్, పక్కనే వేడి నీలి నక్షత్రం. 1.7 రోజులకి ఒక చుట్టు చొప్పున జంటగా తిరుగుతుంటాయి. నక్షత్రం నుంచి వచ్చే వాయువు తిన్నగా లోపల పడదు, సుడి తిరుగుతూ డిస్క్‌లా పరుచుకుంటుంది. ఆ డిస్క్ లోపలి అంచు ఎక్కడుంది? ఈ బరువున్న బ్లాక్‌హోల్ తన చుట్టూ తాను తిరగకపోతే, 62 కిలోమీటర్ల దగ్గర. డిస్క్ తిరిగే దిశలోనే అదీ తిరుగుతుంటే, అంచు ఇంకా లోపలికి జరుగుతుంది. అంటే అంచు దొరికితే బ్లాక్‌హోల్ స్పిన్ దొరికినట్టే. స్పిన్ 0 అంటే అసలు తిరగడం లేదు, 1 అంటే గరిష్ఠ వేగం.

ఫొటో తీసి కొలవడం కుదరదు, ఏ టెలిస్కోపుకైనా అది చుక్కే. మన చేతిలో ఉన్నవి రెండే: ఎక్స్-కిరణాల రంగు, వాటి వెలుగు. రంగుని బట్టి వేడి తెలుస్తుంది. ఆ వేడి దగ్గర అంత వెలుగు రావాలంటే ఎంత వైశాల్యం ఉండాలో లెక్క కట్టొచ్చు.

[తెర మీద: స్పెక్ట్రమ్ గ్రాఫ్. 1 కేఈవీ దగ్గర గీత]

లోపలి డిస్క్ వేడి సుమారు 1 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్ట్, శక్తి కొలత), అంటే 1 కోటి 16 లక్షల డిగ్రీలు. ఆ ఎక్స్-కిరణాల్ని మన వాతావరణం మింగేస్తుంది కాబట్టి ఉపగ్రహం తప్పనిసరి. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన భారత ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లో ఎస్‌ఎక్స్‌టీ అనే ఎక్స్-కిరణ టెలిస్కోపు 0.3 నుంచి 8 కేఈవీ వరకు, లాక్స్‌పీసీ అనే ఎక్స్-కిరణ పరికరం 3 నుంచి 80 వరకు చూస్తాయి. రెండిటి డేటా కలిపి వాడాలి.

ముందు ఏరివేత. ప్రతి పరిశీలనా పనికిరాదు. డిస్క్ వెలుగులో పాతిక శాతం కన్నా ఎక్కువ భాగం పైనున్న కరోనాలో (అతి వేడి వాయువులో) చెదిరిపోతే పక్కన పెట్టండి. వెలుగు ఎడింగ్టన్ హద్దులో (వెలుగు తోపుడు గురుత్వాకర్షణతో సరితూగే స్థాయిలో) 30 శాతం దాటినా పక్కన పెట్టండి. అప్పుడు డిస్క్ ఉబ్బుతుంది, పలచని డిస్క్ లెక్క దానికి చెల్లదు.

తర్వాత మోడల్. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. డిస్క్‌కి మామూలు పవర్-లా (శక్తి పెరిగేకొద్దీ ఒకే తీరున తగ్గే గీత) జోడిస్తే, అది తక్కువ శక్తి వైపు పెరుగుతూనే పోతుంది. డిస్క్‌కి చెందాల్సిన ఫోటాన్లని (కాంతి కణాల్ని) అదే లాగేసుకుంటుంది, వ్యాసార్ధం తప్పుగా వస్తుంది. దాని బదులు 'సింపుల్' మోడల్ వాడండి. అది డిస్క్ ఫోటాన్లనే తీసుకుని పై శక్తులకి చెదరగొడుతుంది, కాబట్టి కింద దొంగ ఫోటాన్లు పుట్టవు.

[తెర మీద: లెక్క, ఒక్కో వరుస]

డిస్క్‌బీబీ అనే డిస్క్ మోడల్‌లో నార్మ్ (వెలుగు ఎంతో చెప్పే అంకె) 25 వచ్చిందనుకుందాం. దాన్ని వంపు కోణం (డిస్క్‌ని మనం ఎంత పక్కనుంచి చూస్తున్నామో చెప్పేది) కొసైన్‌తో భాగించి, వర్గమూలం తీసి, దూరంతో గుణించాలి. దూరాన్ని 10 కిలోపార్సెక్‌ల (ఒక్కోటి సుమారు 3,260 కాంతి సంవత్సరాలు) లెక్కన పెట్టాలి, ఇక్కడ 4.81. వంపు 69 డిగ్రీలు, కొసైన్ 0.36. జవాబు సుమారు 40 కిలోమీటర్లు. ఇది పైకి కనిపించే కొలత. డిస్క్ పైపొర ఫోటాన్ల రంగుని మారుస్తుంది, అసలు కన్నా 1.7 రెట్లు వేడిగా చూపిస్తుంది. ఆ 1.7ని వర్గం చేసి, లోపలి అంచు సవరణ 0.41తో కలిపి గుణిస్తే 48 కిలోమీటర్లు.

ఇప్పుడు వంపుని 69కి బదులు 60 అని వేసి చూడండి. కంచాన్ని పక్కనుంచి చూస్తే సన్నగా, పైనుంచి చూస్తే గుండ్రంగా కనిపించినట్టే, కోణం మారితే వైశాల్యం మారిపోతుంది. 48 కాస్తా 40కి పడిపోతుంది. స్పిన్ 0.4 దగ్గర ఉండాల్సింది 0.6కి ఎగబాకుతుంది. తొమ్మిది డిగ్రీల తప్పుకే ఇంత! అందుకే ముందు దృశ్యకాంతి టెలిస్కోపులతో జంట నక్షత్రం కదలికని కొలిచి, బరువు, వంపు తేల్చుకోవాలి. 2014లో ఆ పని పక్కాగా చేసి, సాపేక్షతా సవరణలన్నీ కలిపి చూస్తే ఎల్‌ఎంసీ ఎక్స్-3 స్పిన్ 0.25 దగ్గర తేలింది, అదీ చెప్పుకోదగ్గ అనిశ్చితితో.

[తెర మీద: 26 ఏళ్ల గ్రాఫ్. పైన ఎగిరిపడే వెలుగు, కింద నిలకడైన వ్యాసార్ధం]

నన్నడిగితే ఈ విషయం మొత్తంలో అందమైన గ్రాఫ్ ఇదే. ఎల్‌ఎంసీ ఎక్స్-3నే చూసిన 8 ఉపగ్రహాలు, 26 ఏళ్లు. వెలుగు ఎన్నో రెట్లు పెరిగింది, తగ్గింది. లోపలి అంచు మాత్రం 4 నుంచి 6 శాతం లోపే కదిలింది. వాయువు ఎంత పడుతున్నా కదలని అంచు అంటే, దాన్ని నిలబెట్టింది వాయువు కాదు, గురుత్వాకర్షణ. వేర్వేరు పరికరాల్ని ప్రమాణంగా వాడే క్రాబ్ నెబ్యులా వెలుగుతో సరిచూసుకోకుండా ఈ గ్రాఫ్ గీస్తే, పరికరాల తేడాలే అంచు కదలికల్లా కనిపిస్తాయి.

మన గెలాక్సీలోని ప్రకాశవంతమైన జంటల విషయంలో ఇంకో చిక్కుంది. సీసీడీలో (కెమెరా సెన్సర్‌లో) ఒకే ఫ్రేములో రెండు 1 కేఈవీ ఫోటాన్లు పడితే, అది 2 కేఈవీ ఫోటాన్ ఒకటి వచ్చినట్టు రాసుకుంటుంది. డిస్క్ ఉన్నదానికన్నా వేడిగా, చిన్నగా కనిపిస్తుంది. చిత్రం మధ్యలోని పిక్సెళ్లు వదిలేసి, చుట్టూ ఉన్న వలయం నుంచే స్పెక్ట్రమ్ తీయండి.

ఫిట్ అయ్యాక వెలుగుని, వేడిని గ్రాఫ్ మీద పెట్టండి. వేడి 1 నుంచి 1.2 కేఈవీకి పెరిగితే వెలుగు రెట్టింపు అవ్వాలి, ఎందుకంటే అంచు కదలకపోతే వెలుగు వేడి నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. అలా రాకపోతే స్పిన్ జోలికి వెళ్లకుండా, ముందు ఏరివేత దగ్గరికి వెనక్కి రండి.