ఓడినవాళ్లు ఒప్పుకునే పోటీ

శ్రోతలకు నమస్కారం.

మన ఊళ్లలో వక్తృత్వ పోటీలకు కొదవ లేదు. జనవరి 12న వివేకానంద జయంతికి ఒకటి, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి ఒకటి, నవంబరు 14న మొదలయ్యే గ్రంథాలయ వారోత్సవాల్లో ఇంకొకటి. ఇవి కాక లయన్స్ క్లబ్బు, రోటరీ క్లబ్బు, కాలనీ సంఘం, యువజన సంఘం పెట్టేవి సరేసరి. పిలుపు రాగానే పిల్లలూ పెద్దలూ పేర్లిస్తారు. పోటీ అయిపోతుంది, ఫొటో పేపర్లో పడుతుంది. ఆ రాత్రి ఇంటికి వెళ్తూ ఆటోలో ఎవరో అననే అంటారు: "ముందే అనుకున్నదే లెండి, వాళ్లబ్బాయికే ఇస్తారని."

ఆ మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. నిజం కాకపోయినా అంత తేలిగ్గా నోటికి వచ్చిందంటే నిర్వహణలో ఎక్కడో సందు ఉందన్నమాట. పోటీ ఎలా జరిగిందని గెలిచినవాళ్లను అడిగి లాభం లేదు, బ్రహ్మాండంగా జరిగిందనే అంటారు. నాలుగో స్థానంలో ఆగిపోయిన మనిషిని అడగాలి. "నాకంటే వాళ్లు బాగా మాట్లాడారు, అంతే" అని ఆ మనిషి అనగలిగేలా పోటీ నడపడం ఎలాగో ఈ కాసేపూ మాట్లాడుకుందాం.

ఈ పనిని చాలాకాలంగా పట్టుదలగా చేస్తున్న సంస్థ ఒకటుంది, టోస్ట్‌మాస్టర్స్ ఇంటర్నేషనల్. 1924లో అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాంటా ఆనా అనే ఊళ్లో, వై.ఎం.సి.ఎ.లో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన మొదలుపెట్టారు. నలుగురిలో నిలబడి మాట్లాడటం నేర్చుకునే క్లబ్బులివి. హైదరాబాదు, విశాఖపట్నం లాంటి చోట్ల కూడా ఉన్నాయి. 1938 నుంచి వీళ్లు ప్రపంచ స్థాయి పోటీ నడుపుతున్నారు. క్లబ్బులో గెలిచినవారు ఏరియా పోటీకి వెళ్తారు. ఏరియా అంటే మామూలుగా నాలుగు నుంచి ఆరు క్లబ్బులు. అక్కడి నుంచి డివిజన్, ఆపైన డిస్ట్రిక్ట్, అలా పైకి. 2014లో కౌలాలంపూర్‌లో జరిగిన ఫైనల్లో మన పొరుగునున్న శ్రీలంక నుంచి వెళ్లిన ధనంజయ హెట్టిఆరచ్చి ప్రపంచ విజేత అయ్యారు. ఆయన కూడా మొదట ఏదో ఒక క్లబ్బు హాల్లో, పాతిక ముప్ఫై కుర్చీల ముందు నెగ్గాల్సిందే. అందుకే ఆ చిన్న హాల్లో జరిగే పోటీకి కూడా వాళ్లు పక్కాగా నియమాలు రాసుకున్నారు. వాటిలో చాలావాటిని మన కాలనీ సంఘం కూడా పైసా ఖర్చు లేకుండా తెచ్చుకోవచ్చు.

ముందు టైం సంగతి చెప్తాను, సగం గొడవలు అక్కడే పుడతాయి కాబట్టి. మన కరపత్రం మీద "ఒక్కొక్కరికి 5 నిమిషాలు" అని ఉంటుంది. అయిదు నిమిషాలు కాగానే గంట కొడతారు. గంట వినగానే కొందరు టక్కున ఆపేసి దిగిపోతారు. కొందరు "ఒక్క మాట చెప్పి ముగిస్తాను" అంటూ ఇంకో రెండు నిమిషాలు లాగుతారు. చప్పట్లు పడేది ఆ రెండు నిమిషాల్లోనే. చెప్పినమాట విన్న పిల్ల నష్టపోయింది, విననివాడు కప్పు పట్టుకెళ్లాడు.

టోస్ట్‌మాస్టర్స్ పోటీలో గంట ఉండదు. తయారై వచ్చి చేసే ప్రసంగానికి 5 నుంచి 7 నిమిషాలు. అయిదో నిమిషానికి ఆకుపచ్చ లైటు, ఆరో నిమిషానికి పసుపు, ఏడుకు ఎరుపు. ఎరుపు వెలిగాక ప్రసంగం ముగిసేదాకా అలాగే ఉంటుంది. అటూ ఇటూ అరనిమిషం వెసులుబాటు. నాలుగున్నర నిమిషాల కంటే ముందే ఆపేసినా, ఏడున్నర దాటినా ఇక పోటీలో లేనట్టే. జడ్జీలందరూ మొదటి స్థానం రాసిచ్చినా సరే.

లైట్లు కొనాల్సిన పని లేదు, మూడు రంగుల చార్టు ముక్కలు చాలు. వాటిని పట్టుకున్న మనిషి ఎక్కడ కూర్చున్నారన్నదే ముఖ్యం. వక్తకు తల తిప్పకుండా కనిపించాలి. టైమర్లు ఇద్దరుండాలి, ఒకరు స్టాప్‌వాచ్ చూస్తుంటే ఒకరు కార్డు చూపిస్తారు. ఫోన్లో టైం చూసేట్టయితే దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే సరిగ్గా మూడో వక్త మధ్యలో ఉండగా టైమరుగారికి ఇంటి నుంచి ఫోన్ రావడం ఖాయం.

లెక్క ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. నోరు విప్పిన క్షణం నుంచి అంటే సరిపోదు. కొందరు మాట్లాడకుండానే ఏదో అభినయంతో మొదలుపెడతారు. మాటతో గానీ సైగతో గానీ సభతో సంబంధం పెట్టుకున్న క్షణం నుంచే టైం నడుస్తుందని నియమం. చూపు లేనివారు పోటీలో ఉంటే చెవికి వినిపించే గుర్తు కావాలని అడగవచ్చు, అడిగితే ఒప్పుకోవాల్సిందే. లైటు మధ్యలో పనిచేయకుండా పోతే ఆ వక్తకు అదనంగా 30 సెకన్లు ఇస్తారు. ఇంత వివరంగా రాసుకోవడం చాదస్తంలా అనిపిస్తుంది. కానీ రాసిపెట్టుకోకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచి, "పోనీలెండి, చిన్నపిల్ల" అని అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తాడు.

ఇందులో నాకు బాగా నచ్చిన నియమం వేరే ఉంది. టైం వల్ల ఎవరైనా తప్పుకోవాల్సివస్తే ఫలితాలకు ముందు "సమయం కారణంగా అనర్హత జరిగింది" అని మాత్రమే సభకు చెప్తారు. పేరు చెప్పరు. మనకేమో మైకులో పేరు చదివితే గానీ తృప్తి ఉండదు.

ఇక జడ్జీలు. స్పాన్సరుగారి బావమరిది, ముఖ్య అతిథితో పాటు కారులో వచ్చినాయన, ఖాళీగా కనిపించిన రిటైర్డ్ హెడ్మాస్టరుగారు, ఇలా ఎవరు దొరికితే వాళ్లను కూర్చోబెట్టే అలవాటు మనది. ముగ్గురినీ ఒకే టేబుల్ దగ్గర, ఒకే బిస్కెట్ ప్లేటు ముందు కూర్చోబెడతాం. వాళ్లు తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుకోవడం హాలంతా చూస్తుంది. అనుమానానికి ఇంకేం కావాలి? టోస్ట్‌మాస్టర్స్‌లో కనీసం అయిదుగురు జడ్జీలుంటారు, లేదా పోటీలో ఉన్న ఒక్కో క్లబ్బు నుంచి సమానంగా తీసుకుంటారు. జడ్జీలు తమలో తాము చర్చించుకోరు, ఎవరి చీటీ వాళ్లదే. వాళ్లను జనం మధ్యలో విడివిడిగా కూర్చోబెట్టడం మేలు.

మార్కుల దగ్గర కాస్త నింపాదిగా వినండి, ఇది చాలామంది పట్టించుకోని సంగతి. మన పోటీల్లో ఒక్కో జడ్జీ వందకు ఇన్ని అని మార్కులు వేస్తారు, అన్నీ కూడతాం. ఎక్కువ వచ్చినవారు ప్రథమం. ఇందులో తప్పేముంది అనిపిస్తుంది. ఇద్దరు వక్తలున్నారనుకోండి, పద్మ, రవి. మొదటి జడ్జీ పద్మకు 78, రవికి 76 వేశారు. రెండో జడ్జీ పద్మకు 75, రవికి 74. ఇద్దరికీ పద్మే నచ్చింది. మూడో జడ్జీ చెయ్యి మాత్రం వేరు. పద్మకు 55, రవికి 90. మొత్తం కూడితే పద్మకు 208, రవికి 240. ముగ్గురిలో ఇద్దరు పద్మే మేలన్నా కప్పు రవి ఇంటికి వెళ్లింది. మూడో జడ్జీ మోసమే చేశారని అనను. ఆయన మార్కులు వేసే తీరే అంత. కానీ ఆయన ఒక్కరే మిగిలిన ఇద్దరినీ మింగేశారు.

అందుకే టోస్ట్‌మాస్టర్స్ చీటీ మీద మార్కులు జడ్జీ సొంత లెక్క కోసమే. విషయానికి 50, చెప్పిన తీరుకు 30, భాషకు 20 అని విడదీసి వేసుకుంటారు. ఆ భాగం చింపి తమ దగ్గరే ఉంచుకుంటారు. లెక్కించడానికి ఇచ్చేది మూడు పేర్లు, ఒక సంతకం. మొదటి పేరుకు 3 పాయింట్లు, రెండోదానికి 2, మూడోదానికి 1. ఇందాకటి లెక్కే ఇలా వేస్తే పద్మకు 8, రవికి 7. ఏ జడ్జీ మాటకూ పక్కవారి మాట కంటే ఎక్కువ బరువు ఉండదు. మూడు పేర్లూ రాయకపోయినా, సంతకం మరిచిపోయినా ఆ చీటీ చెల్లదు.

ఇద్దరికి సమానంగా వస్తే? అప్పుడు ముఖ్య అతిథిని అడగడం, లేదా బహుమతిని రెండు ముక్కలు చేయడం మన పద్ధతి. వాళ్ల దగ్గర టై తేల్చడానికే ఒక జడ్జీ ఉంటారు. ఎవరన్నది ముఖ్య న్యాయనిర్ణేతకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ జడ్జీ అందరు వక్తలకూ వరసగా స్థానాలు రాసి ముందే ఇచ్చేస్తారు. టై వస్తేనే ఆ చీటీ చూస్తారు.

లెక్కపెట్టే పని ఒకరి చేతిలో పెట్టరు, ముగ్గురుంటారు. పోటీ అయ్యాక చీటీలను నాశనం చేసేస్తారు. ఇక్కడ మాత్రం నేను వాళ్ల పద్ధతికి ఒక చిన్న చేర్పు కోరతాను. ఎవరి చీటీ ఎటు పడిందో తెలియకపోవడం జడ్జీకి మంచిదే. కానీ అనుమానాలు ఎక్కువగా ఉండే ఊళ్లో ఒక్కో క్లబ్బు నుంచి ఒక మనిషిని లెక్కింపు గదిలో కూర్చోనివ్వాలి. చీటీల్లోని జడ్జీల పేర్లు కప్పేసి, పాయింట్లు మాత్రం వాళ్లముందే కూడితే సరిపోతుంది.

వక్తల వరస కూడా చూసుకోవాలి. పేర్ల అక్షరక్రమంలో పిలిస్తే అఖిల, అనిల్ బతుకంతా మొదట మాట్లాడాల్సి వస్తుంది. హాలు ఇంకా నిండకముందే, మైకు ఇంకా కుదురుకోకముందే. పోటీకి ముందు అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, నియమాలు మళ్లీ చదివి, చీట్లు తీయించాలి. అప్పుడే మైకు కూడా ఒకసారి పట్టుకోనివ్వాలి. కార్డ్‌లెస్ మైకు వాడేట్టయితే కొత్త బ్యాటరీలు దగ్గరుంచుకోండి.

యాంకర్లకు ఒక విన్నపం. ఒక వక్త దిగగానే "ఎంత ముచ్చటగా మాట్లాడింది బంగారుతల్లి!" అని మైకులో అనకండి. వక్తకీ వక్తకీ మధ్య ఒక నిమిషం నిశ్శబ్దం ఉండాలి. జడ్జీలు తీరిగ్గా రాసుకుంటారు. టోస్ట్‌మాస్టర్స్‌లో పరిచయం కూడా పొడి పొడిగానే ఉంటుంది. వక్త పేరు, ప్రసంగం పేరు, మళ్లీ ప్రసంగం పేరు, వక్త పేరు. అంతే. అబ్బాయి ఏ కాలేజీ, నాన్నగారేం చేస్తారు, ఇవేవీ రావు. మనవాళ్లకు ఇది మహా ఇబ్బందిగా ఉంటుంది, తెలుసు.

ఆశువుగా మాట్లాడే పోటీ పెడితే అందరికీ ఒకటే ప్రశ్న ఇవ్వండి. చీటీలు తీయించి తలా ఒక అంశం ఇచ్చే పద్ధతిలో ఒకరికి "మా అమ్మ" వస్తుంది, ఇంకొకరికి "ద్రవ్యోల్బణం" వస్తుంది. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవాళ్లు ఫోన్లు అప్పగించి బయటి గదిలో ఉండాలి. ఈ ప్రసంగానికి ఒకటి నుంచి రెండు నిమిషాలు, రెండున్నర దాటితే లేదు.

భాష గురించి ఒక్కటే మాట. శ్రీకాకుళం యాస, పాలమూరు యాస వినగానే మార్కులు కోసే జడ్జీలు ఇంకా ఉన్నారు. సందర్భానికి తగిన మాటలా కాదా, వాక్యం సరిగ్గా నిలిచిందా లేదా, ఇవే చూడమని ముందు రోజే చెప్పాలి. అలాగే ప్రసంగం ఎవరి సొంతమన్నది. టోస్ట్‌మాస్టర్స్‌లో ఇతరుల మాటలూ ఆలోచనలూ నాలుగో వంతు మించకూడదు. అభ్యంతరం చెప్పే హక్కు వక్తలకూ జడ్జీలకూ మాత్రమే ఉంటుంది, అదీ ఫలితాలు చెప్పకముందే. వక్తల మేనమామలకు ఉండదు.

చీటీలు లెక్కపెట్టేటప్పుడు వక్తలందరినీ వేదిక మీదికి పిలిచి తలా ఒక ప్రశ్న అడగండి. ప్రసంగంలో వినని మనిషిని సభ అప్పుడు చూస్తుంది. తర్వాత మూడో స్థానం నుంచి మొదలుపెట్టి ఫలితాలు చదవండి. ప్రశంసాపత్రాల మీద పేర్లు ఎవరివి వాళ్లచేతే ముందుగా సరిచూపించండి.

ముఖ్య అతిథి ప్రసంగం పోటీకి ముందు పెడితే ఆరున్నరకు మొదలవ్వాల్సిన మొదటి వక్త ఎనిమిదింటికి, అప్పటికే చెమటలు పట్టి, మైకు ముందుకు వస్తాడు. కాబట్టి దాన్ని ఆఖర్న పెట్టండి. మూడు నిమిషాలని ఆహ్వానపత్రికలోనే రాయండి. ఆయనకూ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కార్డులు చూపించండి. ఎమ్మెల్యేగారికి ఎరుపు కార్డు ఎత్తి చూపించగల టైమరు దొరికితే వచ్చే ఏడాదికి ఆమెను ఇప్పుడే మాట్లాడిపెట్టుకోండి.

సెలవు. నమస్కారం.