ఉయ్యాల వంతెన బలం ఒడ్డున ఉంటుంది

లక్నవరం చెరువు మీది ఉయ్యాల వంతెన చూడనివాళ్లు ఈ హన్మకొండ హాల్లో ఎవరైనా ఉన్నారా? లేరు కదా. వంతెన మధ్యకు పోయి కావాలని ఊపనివాళ్లు? నవ్వుతున్నారంటే దొరికిపోయినట్టే.

అది కొత్త వంతెన. నేను చెప్పబోయేది దానికి నాయనమ్మ వరసయ్యే వంతెన గురించి. గుజరాత్‌లోని మోర్బీలో మచ్ఛు నది మీద 1879లో కట్టారు. అప్పటి సంస్థానాధీశుడు వాఘ్‌జీ ఠాకోర్. సామాను ఇంగ్లండ్ నుంచి వచ్చింది. పొడవు 233 మీటర్లు, వెడల్పు 1.25 మీటర్లే. ఇద్దరు ఎదురుపడితే భుజాలు రాసుకోవాల్సిందే.

ఇలాంటి వంతెన ఎలా నిలబడుతుంది? ఇంటి వెనక దండెం చూడండి. కొంచెం వదులుగా కడితే తడి బట్టలన్నీ మోస్తుంది. బిర్రుగా గుంజి కట్టారా, రెండు దుప్పట్లకే గోడలో మేకు ఊడొస్తుంది. వంతెన పలకలు వేలాడే తీగ లెక్కా ఇదే. వంద మీటర్ల వంతెన, బరువు వంద టన్నులు, తీగ మధ్యలో పది మీటర్లు కిందికి దిగిందనుకుందాం. ఒక్కో చివర తీగ 125 టన్నుల బలంతో అడ్డంగా లోపలికి గుంజుతుంది. ఆ దిగుడును ఐదు మీటర్లు చేయండి, గుంజుడు 250 టన్నులవుతుంది. బరువు ఒక్క కిలో కూడా పెరగలేదు! మనం నడిచే పలకల కంటే, ఒడ్డున మట్టిలో దాగి తీగను పట్టుకున్న దిమ్మకే అసలు కష్టం.

2022లో మోర్బీ వంతెనకు మరమ్మతు చేశారు. పాత చెక్క పలకలు తీసేసి అల్యూమినియంవి వేశారు. దాంతో బరువూ పెరిగింది. అక్టోబర్ 26న తెరిచారు, 30న తెగింది. 135 మంది చనిపోయారు. ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) విచారణలో ఒక ప్రధాన తీగలోని 49 పోగుల్లో 22 తుప్పు పట్టి ఉన్నాయని తేలింది. కాళ్ల కింద అంతా కొత్తది, తల మీద తీగ మాత్రం పాతది. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అక్కడే.

రిషీకేశ్‌లో 1930లో తెరిచిన ఉయ్యాల వంతెన లక్ష్మణ్ ఝూలాను మాత్రం 2019లో, ఏమీ కాకముందే మూసేశారు. అంతకుముందు అక్కడున్న వంతెన 1924 వరదలో కొట్టుకుపోయింది మరి.

లక్నవరం పోతే మా మనవలు వంతెన మధ్యకు ఉరుకుతారు. నేను ఒడ్డున తీగ మొదలు దగ్గర తుప్పు వెతుకుతూ వంగుతాను. "టికెట్ కొన్నది సిమెంటు దిమ్మను చూడ్డానికా?" అంటుంది మా ఆవిడ.