విషయ శీర్షిక: ఒక మాటను ఎంచుకోవడం

సభకు నమస్కారం.

గ్రంథాలయంలో పుస్తకానికి విషయ శీర్షిక ఇవ్వడమంటే అది దేని గురించో చూసి ఆ మాట రాసేయడమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి అదే విషయం మీద ఇంతకుముందు వచ్చిన, ఇకముందు రాబోయే పుస్తకాలన్నిటినీ గ్రంథాలయ సూచిలో, అంటే కేటలాగులో, ఒకచోట చేర్చడం ఆ శీర్షిక చేయవలసిన పని. అందుకే సూచీకర్తకు తనకు నచ్చిన మాట రాసుకునే స్వేచ్ఛ లేదు. రచయిత వాడిన మాటనే ఎత్తి రాసే వీలూ లేదు.

ఒక రచయిత మధుమేహం అంటాడు, మరొకరు చక్కెర వ్యాధి అంటారు, వైద్యుడు డయాబెటిస్ అని రాస్తాడు, ఇంటిల్లిపాదీ షుగర్ అంటారు. ఈ నాలుగింటిలో ఒక్కదాన్నే శీర్షికగా స్థిరపరచి, మిగిలిన మూడింటి దగ్గర ‘చూడు’ అనే సూచన పెట్టాలి. ఇందుకు తలకిందులైన చిక్కు ‘మందు’ అనే మాటతో వస్తుంది: అది ఔషధం కావచ్చు, మద్యం కావచ్చు, తుపాకీలో కూరేది కావచ్చు, పైరు మీద చల్లేది కావచ్చు. అలాంటి మాటను ఒంటరిగా శీర్షికలో నిలబెడితే డాక్టరు కోసం వచ్చినవాడు సారా దుకాణంలో తేలతాడు.

ఎంత లోతుకు దిగాలన్నది రెండో ప్రశ్న. పుస్తకాన్ని దాని విషయం కిందే చేర్చాలి తప్ప, ఆ విషయం ఇమిడి ఉన్న పెద్ద వర్గం కింద చేర్చకూడదని 1876లో అమెరికన్ గ్రంథాలయవేత్త ఛార్లెస్ అమ్మీ కట్టర్ తన సూచీకరణ నియమాల్లో చెప్పాడు. తేనెటీగల పెంపకం మీద 200 పుటల పుస్తకం ఒకటి మన బల్ల మీదికి వచ్చిందనుకుందాం. పేరు చూస్తే కవితా సంపుటేమో అనిపిస్తుంది కనుక పేరును నమ్మకుండా విషయసూచిక, ముందుమాట తిరగేస్తాం. 130 పుటలు పెంపకానికి, 50 పుటలు తేనె తీసి శుద్ధి చేయడానికి, చివరి 20 పుటలు తేనెటీగ విషంతో చేసే చికిత్సకు కేటాయించారు. దీన్ని ‘వ్యవసాయం’ కిందనో ‘కీటకాలు’ కిందనో పడేస్తే తప్పు పట్టడం కష్టమే గాని, వెతికేవాడికి అది దొరకదు. ‘తేనెటీగల పెంపకం’ ఒక శీర్షిక, ‘తేనె’ మరొకటి. మరి చికిత్స? ఒక అంశం పుస్తకంలో కనీసం 20 శాతం ఉంటేనే దానికి శీర్షిక ఇవ్వాలని అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అనే గ్రంథాలయం మార్గదర్శకాలు చెబుతాయి. ఇక్కడ ఉన్నది 10 శాతమే కనుక వదిలేస్తాం. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారికి ఇలా వదిలేయడమే కష్టంగా ఉంటుంది. ఎన్ని శీర్షికలు తగిలిస్తే అంత మేలనుకుంటారు. ఆ చికిత్స గురించే వెతుకుతూ వచ్చిన పాఠకుడికి దాని మీద ఇరవై పుటలే ఉన్న పుస్తకాలు పది చూపిస్తే అతని సమయం మనం తిన్నట్టే.

మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1930లలో ప్రతిపాదించిన శృంఖలా పద్ధతి ఇక్కడ వేరే దారి చూపింది: పుస్తకం విషయాన్ని పెద్ద వర్గం నుంచి చిన్నదాని దాకా మెట్లుగా చూపే వర్గసంఖ్యలోని ఆ మెట్లను చివరి నుంచి వెనక్కి చదువుకుంటూ శీర్షికలను రాబట్టడం. సూచీకర్త ఊహకు అందులో చోటు తక్కువ, నా లెక్కలో అది దాని గొప్పతనమే.

స్థిరపరచిన మాట శాశ్వతమేమీ కాదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దశాబ్దాల పాటు వంటల పుస్తకాలకు ‘కుకరీ’ అని వాడి, 2010లో దాన్ని ‘కుకింగ్’గా మార్చింది. జనం నోట లేని మాట సూచిలో మిగిలిపోతే అక్కడికి ఎవరూ రారు గనుక మార్చక తప్పదు. కార్డుల కాలంలో ఇలాంటి మార్పుకు సొరుగుల కొద్దీ కార్డులు బయటికి తీసి దిద్దవలసి వచ్చేది. ఇప్పుడు ప్రామాణిక శీర్షికల జాబితాలో మార్చి, ఆ మార్పును రికార్డులన్నిటికీ ఒకేసారి పంపవచ్చు. పాత మాట మాత్రం పోకూడదు. అది ‘చూడు’ సూచనగా మిగలాలి, ఎందుకంటే ఆ మాటే తెలిసిన పాఠకుడు ఇంకా వస్తూనే ఉంటాడు.