క్రోమోజోమ్‌కి పట్టు ఎక్కడ?

అందరికీ నమస్కారం. డిగ్రీ పిల్లలే ఎక్కువమంది కనిపిస్తున్నారు కాబట్టి పాఠం మొదటి నుంచీ చెప్పను. హిస్టోన్లనే ప్రొటీన్లు ఎనిమిది, వాటి చుట్టూ సుమారు 147 బేస్ జతల, అంటే అక్షరాల జతల, డీఎన్‌ఏ. ఇలాంటి చుట్టలు కోట్లలో ఉంటేనే రెండు మీటర్ల డీఎన్‌ఏ కేంద్రకంలో పడుతుంది. ఈ చుట్టలన్నీ ఒకేలా ఉండవు. ఇవాళ్టి మాట దాని గురించే.

కణం విడిపోయేటప్పుడు కండె పోగులనే దారాలు ప్రతి క్రోమోజోమ్‌నీ సెంట్రోమియర్ అనే ఒక్క చోటే పట్టి లాగుతాయి. పట్టు తప్పితే ఒక పిల్ల కణానికి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ. మరి అదే చోటని వాటికి ఎలా తెలుస్తోంది?

దీనికి దారి ఒక జబ్బు చూపించింది. స్క్లెరోడెర్మా అనే చర్మవ్యాధి ఉన్న కొందరి రక్తంలో, సొంత సెంట్రోమియర్ల మీదే దాడి చేసే యాంటీబాడీలు ఉంటాయి. వాటినే పరికరంగా వాడి 1985లో విలియం ఎర్న్‌షా, నవోమి రాత్‌ఫీల్డ్ మూడు ప్రొటీన్లను గుర్తించారు. అందులో సెన్‌ప్-ఎ అన్నది మామూలు చుట్టల్లో ఉండే హెచ్3 హిస్టోన్‌కి దగ్గరి చుట్టమని తర్వాత తేలింది. దాన్ని శుద్ధి చేయడానికి ఎద్దు వీర్యం పనికొచ్చింది. వీర్యకణం తయారయ్యేటప్పుడు దాదాపు హిస్టోన్లన్నీ పోయి, ప్రొటమిన్లు అనే వేరే ప్రొటీన్లు వచ్చి కూర్చుంటాయి. ఇది మాత్రం కదలదు! పండు ఈగల్లో చూస్తే, వీర్యకణంలో ఈ ప్రొటీన్ లేకపోతే పిండంలో తండ్రి క్రోమోజోములు నిలవవు. అంటే తండ్రి నుంచి డీఎన్‌ఏ ఒక్కటే వస్తే సరిపోదు.

అసలు డీఎన్‌ఏ అక్షరాలే ఆ చోటుని నిర్ణయించవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. చాలామంది అలాగే అనుకున్నారు. 1993లో మెల్‌బోర్న్ పరిశోధకులు ఒక మనిషిలో విచిత్రమైన పదో క్రోమోజోమ్‌ని చూశారు. సెంట్రోమియర్‌లో మామూలుగా ఉండే డీఎన్‌ఏ వరసలు అందులో లేవు. అయినా వేరేచోట కొత్త సెంట్రోమియర్ ఏర్పడి, విభజన సాఫీగా సాగిపోతోంది. సెన్‌ప్-ఎ ఎక్కడ కూర్చుంటే అదే సెంట్రోమియర్ అన్నమాట.

నాకు అన్నిటికంటే ముచ్చటేసే సంగతి దీని టైమింగ్. డీఎన్‌ఏ నకలు తయారయ్యేటప్పుడు పాత సెన్‌ప్-ఎ రెండు పోగులకీ చెరి సగం పోతుంది. మామూలు హిస్టోన్ల లోటు అప్పుడే తీరుతుంది, దీని లోటు తీరదు. మన కణాలు ఆ సగంతోనే విభజన మొత్తం కానిచ్చేస్తాయి. కొత్త సరుకు విభజన ముగిశాక, జీ1 దశలో, అంటే మళ్లీ నకలు మొదలయ్యే ముందు, వస్తుంది. దాన్ని తెచ్చి సరైన చోట దింపే పని హెచ్‌జర్ప్ అనే ప్రొటీన్‌ది.

ఇక మొక్కల సంగతి. ఇక్కడ మన హైదరాబాద్ ప్రస్తావన వస్తుంది. సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో ఇమ్రాన్ సిద్ధిఖీ బృందం ఆవాల కుటుంబంలోని అరబిడాప్సిస్ అనే మొక్క మీద చాలా ఏళ్లు పనిచేసింది. వాళ్లు కనుక్కున్న డ్యూయెట్ అనే ప్రొటీన్ హిస్టోన్ మీది గుర్తుల్ని చదువుతుంది. అది లేకపోతే పుప్పొడి ఏర్పడే దారిలో మియోసిస్, అంటే క్రోమోజోముల సంఖ్యని సగం చేసే విభజన, మధ్యలోనే ఆగిపోతుంది. డయాడ్ అనే జన్యువుని మార్చితే క్రోమోజోముల సంఖ్య సగం కాకుండానే అండకణం తయారవుతుందని 2008లో చూపించారు.

ఆ పనిలో ఉన్న రవి మారుతాచలం తర్వాత కాలిఫోర్నియా వెళ్లి, సైమన్ చాన్‌తో కలిసి మొక్కల్లోని సెన్‌ప్-ఎ తోకని మార్చారు. మార్చిన మొక్క బాగానే పెరిగింది. మామూలు మొక్కతో సంకరం చేస్తే మాత్రం, చాలా పిల్ల మొక్కల్లో మార్చిన తల్లి క్రోమోజోములు మాయం! పదికి బదులు ఐదే క్రోమోజోములతో హాప్లాయిడ్ మొక్కలు వచ్చాయి. ఇది 2010 నాటి మాట. వాటి క్రోమోజోముల్ని రెట్టింపు చేస్తే, తరాల తరబడి స్వపరాగ సంపర్కంతో సాధించే శుద్ధ వంశక్రమం ఒక్క దెబ్బకి చేతికొస్తుంది. విత్తన ప్రజననకారులకి దీని విలువ నేను చెప్పాలా?

2011లో సంఖ్య సగం కాని అండకణం, సెన్‌ప్-ఎ మార్పు అనే ఈ రెండు పద్ధతుల్నీ కలిపి, తల్లి మొక్కకి అచ్చు నకలైన మొక్కల్ని విత్తనం ద్వారానే రప్పించారు. హైబ్రిడ్ విత్తనం ప్రతి ఏడూ కొనాల్సిన రైతుకి ఇది ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. పొలం దాకా ఇంకా రాలేదు, గొప్పలు చెప్పను. మొక్కజొన్న, గోధుమల్లో హాప్లాయిడ్లు వచ్చాయి గానీ అరబిడాప్సిస్‌లో వచ్చినంత శాతం రాలేదు.

మాయం కావడానికి కారణం కూడా కొంత తెలిసింది. మార్చిన సెన్‌ప్-ఎ అండకణంలోనే ఊడిపోతుంది. ఫలదీకరణ అయ్యాక పిండం కొత్త సరుకుని, గుర్తు చెదరని తండ్రి సెంట్రోమియర్లకే ముందు ఇస్తుంది. తల్లివి ఖాళీగా మిగిలి, విభజనల్లో వెనకబడి రాలిపోతాయి. ఇక మీ ప్రశ్నలు అడగండి.