ఆరో తరగతి బొమ్మల పీరియడ్: ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

ఆరో తరగతి పిల్లల చేతికి తెల్ల కాగితం ఇచ్చి "నచ్చిన బొమ్మ వేయండి" అంటే ఏం వస్తుందో మనకు తెలుసు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. కొండ జాడే లేని డెల్టా ఊళ్లోనూ అదే బొమ్మ. అందులో పిల్లల తప్పేమీ లేదు. అప్పటిదాకా వాళ్లు బొమ్మను చూసి బొమ్మ వేశారు తప్ప వస్తువును చూసి వేయలేదు. పైగా పదకొండు, పన్నెండేళ్లకే "నాకు డ్రాయింగ్ రాదు సార్" అని తేల్చేసుకునేవాళ్లు ఉంటారు. అందుకే మొదటి ప్రాజెక్టులో పోలిక కుదిరిందా లేదా అన్న టెన్షన్ ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

ముందు వాళ్ల చెయ్యే వేయించండి. రాసే చెయ్యి కాకుండా రెండో చెయ్యి బెంచీ మీద పెట్టుకోవాలి. చూపంతా దాని మీదే. కాగితం వైపు చూడకూడదు, పెన్సిల్ ఎత్తకూడదు. ఐదు నిమిషాలు చాలు. అందరి బొమ్మలూ వంకరగానే వస్తాయి కాబట్టి ఎవరికీ సిగ్గుండదు. కానీ ఆ గీతల్లో బొటనవేలి కణుపు దగ్గరి ముడతలు కనిపిస్తాయి, గోరు పక్కన చిన్న గాటు కనిపిస్తుంది. చూడటం మొదలైందన్నమాట.

తర్వాత చుక్కల ముగ్గు. ఏడు చుక్కలు, సందు చుక్క ఒకటి వచ్చేదాకా. ఇంట్లో అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి నేర్చుకు రమ్మనండి, మగపిల్లల్ని కూడా. లెక్కల మాస్టారు సౌష్ఠవం చెప్పేటప్పుడు ఇవే కాగితాలు పనికొస్తాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది సిరా తయారీ. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీతకు వాడే సిరా తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్లతోనే తయారవుతుంది. మట్టికుండలో వేసి, మూతికి గుడ్డ కట్టి రెండు మూడు వారాలు పులియనివ్వాలి. ఇనుము కోసం తుప్పు మేకులు వాడితే, వాటిని కుండలో పెద్దవాళ్లే వేయాలి. గంజి పోయేలా ఉతికిన నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలల్లో ముంచి ఆరబెట్టాలి. సిరా పాకకుండా పాలలోని కొవ్వు ఆపుతుంది. వెదురు పుల్ల కొస చెక్కి, కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో కడితే కలం సిద్ధం. ఆ ఉన్నిని వేళ్లతో నొక్కుతూ గీయాలి. కుండలో పలచగా ఉన్న సిరా గుడ్డకు తగలగానే నల్లబడుతుంది. ఇనుము, కరక్కాయలోని వగరు కలిస్తే వచ్చే నలుపు అది. దాన్ని చూసిన పిల్లవాడు రెండో గీతకు మీరు చెప్పేదాకా ఆగడు. యూనిఫాం మీద పడితే మరక పోదు, పాత చొక్కా తెచ్చుకోమనండి.

వీటికి మార్కులు వేయకండి. వెనకాల తేదీ రాసి దాచండి, చాలు. బడి తెరిచిన వారంలోనే కుండ పెట్టేస్తే, చేతుల బొమ్మలు, ముగ్గులు అయ్యేసరికి సిరా చేతికొస్తుంది.